సంతోషం రావడం లేదంటే పరిశుద్ధాత్మ నాలో లేనట్టేనా?

వేపచెట్టు_నీడ:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది గుంటూరు వైపు. మా అమ్మ ప్రభువునందు నిద్రించి ఏడు నెలలైంది. అదే సమయంలో మా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. స్నానం, అన్నం తినిపించడం, రాత్రిళ్లు పక్క మార్చడం అన్నీ నేనే చూసుకుంటున్నాను. మా వారు డ్యూటీ మీద వారంలో నాలుగు రోజులు బయటే ఉంటారు.

విషయం ఏమిటంటే, మందిరంలో ఆరాధన జరిగేటప్పుడు నాకు ఏమీ అనిపించడం లేదు. అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నేను నిలబడి పాటల పుస్తకం వైపు చూస్తూ ఉంటాను. ఏడుపు కూడా రావడం లేదు. మొన్న ఆదివారం ఆరాధన నడిపించే బ్రదర్ మైకులో "ఆత్మ ఉన్న చోట సంతోషం ఉంటుంది, సంతోషం లేదంటే మీలో ఏదో అడ్డు ఉంది, ఈరోజే తీసేసుకోండి" అన్నారు. నన్నే చూసి అన్నట్టు అనిపించింది. కూడిక అయ్యాక ఒక సిస్టర్ వచ్చి, మూడు రోజులు ఉపవాసం ఉండి దాచుకున్న పాపం ఒప్పుకోమంది. ఆమె ప్రేమతోనే చెప్పింది, నాకు కోపం లేదు. కానీ ఇంటికొచ్చి బట్టలు ఆరేస్తూ రెండు గంటలు అదే ఆలోచించాను. నేను ఒప్పుకోవాల్సిన పాపం ఏమిటో నిజంగా నాకు తెలియడం లేదు. మామగారికి సేవ చేస్తున్నా గానీ అది ప్రేమతో చేస్తున్నానని కూడా చెప్పలేను, చేయాలి కాబట్టి చేస్తున్నాను. ప్రేమా లేదు, సంతోషమూ లేదు, మరి ఆత్మ నన్ను వదిలేసి వెళ్లిపోయాడా? దయచేసి ఎవరైనా వాక్యం ప్రకారం చెప్పండి.

రెల్లుపూలు:
సిస్టర్, మీ కోసం ఇప్పుడే ప్రార్థించాను. వాక్యం తెలిసినవాళ్లు చెప్తారు, నాకు అంత తెలియదు. ఉపవాసం మాత్రం ఇప్పుడు వద్దు. రాత్రిళ్లు నిద్ర లేని మనిషి మూడు రోజులు తిండి మానేస్తే పడిపోతారు.

పాత_బైబిలు:
అమ్మా, మీరు అడిగిన దానికి సూటిగా జవాబు: లేదు, వదిలేయలేదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

యోహాను 14వ అధ్యాయంలో ప్రభువు "వేరొక ఆదరణకర్త" అంటాడు కదా. గ్రీకులో ఆ మాట పరాక్లేతోస్, అంటే పక్కకు రమ్మని పిలవబడినవాడు. ఇదే మాట యోహాను మొదటి పత్రిక 2వ అధ్యాయం మొదటి వచనంలో క్రీస్తును గురించి వస్తుంది, అక్కడ మన తెలుగు బైబిలు దాన్ని "ఉత్తరవాది" అని అనువదించింది. గ్రీకు మాట ఒకటే, తెలుగులో రెండు అయ్యాయి. ఈ రెండూ కలిపి చదివితే నాకు ఎప్పుడూ ధైర్యం వస్తుంది. ఉత్తరవాది అంటే మన తరఫున నిలబడి జవాబు చెప్పేవాడు. మీ మీద నేరం మోపేవాడు కాదు. "నీలో ఏదో అడ్డు ఉంది, ఏమిటో వెతుక్కో" అని, ఏమిటో చెప్పకుండా రెండు గంటలు బట్టల తీగ దగ్గర మిమ్మల్ని నిలబెట్టిన ఆ గొంతు ఆయనది కాదు. ఆయన పాపాన్ని ఒప్పిస్తాడు, ఆ మాట నిజమే. ఒప్పించినప్పుడు పలానా పని, పలానా మాట అని తేటగా తెలుస్తుంది.

ఇంకోటి. మన సంఘాల్లో మనిషి చనిపోయాక జరిపే కూటాన్ని ఏమంటాం? ఆదరణ కూడిక అంటాం. మీ అమ్మగారికీ జరిపే ఉంటారు. ఆ పేరు మనవాళ్లు ఊరికే పెట్టలేదు. ఆదరణకర్త పని మొదలయ్యేది ఏడుపు ఉన్న ఇంట్లో. సంతోషం ఉన్న చోటే ఆయన ఉంటాడనుకుంటే, ఆదరించాల్సిన పని ఆయనకు ఎక్కడ దొరుకుతుంది?

చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది. ఆత్మతో నిండిన ప్రభువే ఏడ్చాడు.

అగ్నిస్తంభం:
ప్రైస్ ది లార్డ్. సిస్టర్ గారి బాధ అర్థమైంది, కానీ ఒక మాట చెప్పాలి, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మేము పెంతెకొస్తు వాళ్లం. నేను పదిహేనేళ్లు తాగుడులో ఉన్నవాణ్ణి. ఒక రాత్రి ప్రార్థనలో పరిశుద్ధాత్మ నా మీదికి వచ్చినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ ఒళ్లంతా గుర్తుంది, ఆ మర్నాటి నుంచి మందు ముట్టలేదు. అది నిజం కాదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. రోమా 14:17లో దేవుని రాజ్యం నీతి, సమాధానం, పరిశుద్ధాత్మయందలి ఆనందం అని రాసి ఉంది. దావీదు కూడా 51వ కీర్తనలో రక్షణానందం మళ్లీ పుట్టించమని ఏడ్చాడు. పోయినదాన్ని అడిగి తెచ్చుకోవచ్చని దాని అర్థం. కాబట్టి "ఏమీ అనిపించకపోయినా పర్లేదు" అని ఓదార్చి వదిలేస్తే మనిషి అక్కడే ఆగిపోతాడని నా భయం. సిస్టర్, వెతకండి, తట్టండి. ఇస్తాడు.

వేపచెట్టు_నీడ:
బ్రదర్, మీ సాక్ష్యం చదివి సంతోషించాను. నేను వెతకడం మానలేదండి. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మామగారికి పక్క మార్చాక అక్కడే కూర్చుని ప్రార్థిస్తాను. మాటలు రావు. "ప్రభువా" అని ఆగిపోతాను. అంతే.

కొండమీది_దీపం:
ఆ "ప్రభువా" చాలు అక్కా. రోమా 8:26 చూడండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు, ఉచ్చరించడానికి వీలుకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని ఉంది. నాలుగున్నరకు ఆ మంచం పక్కన ప్రార్థిస్తున్నది మీరొక్కరే కాదు.

గుణదల_మెట్లు:
నేను క్యాథలిక్‌ని, ఇక్కడ ఎక్కువమంది ప్రొటెస్టెంట్ వాళ్లని తెలుసు, అయినా రాస్తున్నాను. మదర్ థెరెసా గారు కలకత్తాలో మిషనరీస్ ఆఫ్ చారిటీ సంస్థను 1950లో మొదలుపెట్టారు, 1997లో కన్నుమూశారు. ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. దాదాపు 50 ఏళ్ల పాటు, మధ్యలో కొద్దికాలం తప్ప, ప్రార్థనలో దేవుని సన్నిధి ఆమెకు అనుభవంలోకి రాలేదు. చీకటి, ఖాళీ అని రాసుకున్నారు. అన్నేళ్లూ చనిపోతున్న వాళ్ల పుండ్లు కడుగుతూనే ఉన్నారు, నవ్వుతూనే పలకరించారు. 2016లో మా సంఘం ఆమెను పునీతురాలిగా ప్రకటించింది, ఈ ఉత్తరాలన్నీ తెలిసే ప్రకటించింది.

అమ్మా, మీరు మదర్‌లా 50 ఏళ్లు చీకట్లో ఉండాలని నేను అనడం లేదు, అలా ఎవరికీ జరగకూడదు. మామగారికి చేస్తున్నది ప్రేమ కాదేమో అని మీరు రాశారే, ఆ ఒక్క వాక్యం మాత్రం దయచేసి తీసేయండి. ఏమీ అనిపించకుండా కూడా తెల్లవారుజామున లేచి ఒక ముసలాయన పక్క మార్చడానికి ప్రేమ అనే పేరు కాకపోతే ఇంకేం పేరు పెడతారు?

మెతుకుసీమ:
మాది మెదక్. పై పోస్టు చదివాక నాకు మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గుర్తొచ్చాడు. మా తాతముత్తాతలకు సువార్త చెప్పింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలే కాబట్టి ఆయన కథ మాకు సండే స్కూలు నుంచీ తెలుసు. 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటంలో ఆయన గుండె వింతగా వెచ్చబడిందని, క్రీస్తును నమ్మానన్న నిశ్చయత కలిగిందని అందరూ చెప్తారు. ఆ తర్వాతి వాక్యాలు మాత్రం ఎక్కువమంది చెప్పరు. అదే రోజు డైరీలో ఆయన ఇంకా రాశాడు, కాసేపటికే శత్రువు వచ్చి ఇది విశ్వాసం కాదు, నిజమైతే నీ సంతోషం ఏది అని అడిగాడట. చూడండి సిస్టర్, మిమ్మల్ని మైకులో అడిగిన ప్రశ్నే. వెస్లీ దానికి చెప్పుకున్న జవాబు: సమాధానం, పాపం మీద విజయం ఇవి విశ్వాసానికి అవసరం, విశ్వాసం మొదట్లో, ముఖ్యంగా లోతుగా దుఃఖపడిన వాళ్లలో, మామూలుగా వచ్చే ఉప్పొంగే సంతోషం మాత్రం దేవుడు తన చిత్తం చొప్పున ఒక్కోసారి ఇస్తాడు, ఒక్కోసారి ఇవ్వకుండా ఆపుతాడు అని.

ఇంకొక సంగతి. మా పెద్ద చర్చి 1914 నుంచి 1924 దాకా కట్టారు, మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి కూలి, తిండి దొరకాలని పనిలో పెట్టుకున్నారని మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో రంగుటద్దాల కిటికీల మీద ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి. పగలు వెలుతురు పడితేనే ఆ బొమ్మలు కనబడతాయి. చిన్నప్పుడు వాచ్ నైట్ కూడికలో అటు చూస్తే నల్లటి అద్దాలే కనబడేవి, బొమ్మలు ఎక్కడికి పోయాయని నానమ్మను అడిగాను. "అక్కడే ఉన్నాయి బిడ్డా, పొద్దుగాల చూద్దువు" అంది. అమ్మ పోయిన ఏడు నెలలు రాత్రే కదా సిస్టర్.

మామిడితోట_పల్నాడు:
నాకు వాక్యం చెప్పడం రాదు, తోట సంగతి చెప్తాను. గలతీ పత్రికలో శరీర కార్యములు అని బహువచనం, ఆత్మ ఫలము అని ఏకవచనం ఉందని మా పాస్టర్ గారు చెప్పారు. తొమ్మిది పండ్లు కాదు, ఒకటే పండు. పనసపండులో తొనలు ఉన్నట్టు. "ఆత్మ ఫలమేమనగా, ప్రేమ, సంతోషము, సమాధానము" అని వరసగా వస్తాయి కాబట్టి అందులో దీర్ఘశాంతం అనే తొన కూడా ఉంది, సిస్టర్ దగ్గర ఇప్పుడు అదే ఎక్కువ పండుతున్నట్టుంది.

ఇంకోటి చెప్పాలి. కాయను కార్బైడ్ పెట్టి మగ్గబెడితే పైకి పసుపు రంగు వచ్చేస్తుంది, కోస్తే లోపల పులుపే. మైకులో "నవ్వండి, గంతులేయండి, చేతులెత్తండి" అని తరిమితే వచ్చేది ఆ పసుపే అని నా అభిప్రాయం. ఫలం చెట్టు మీద పండాలంటే ఎండా వానా రెండూ పడాలి, ఎన్నాళ్లు పడుతుందో చెట్టుకే తెలుసు.

అగ్నిస్తంభం:
మామిడితోట అన్నా, మీ మాట గట్టిగా తగిలింది, నిన్న రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఆలోచించి రాస్తున్నాను.

1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవం విలియం సీమోర్ గారి నాయకత్వంలో మొదలైంది. ఆయన తల్లిదండ్రులు బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు. ఆ రోజుల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లు ఒకే గదిలో పక్కపక్కన మోకరించడమే పెద్ద అద్భుతం. మేమంతా ఆ చెట్టు కొమ్మలమే. అదే సీమోర్ గారు తర్వాత, ఆత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడితే సరిపోదు, దేవుని ప్రేమ మనిషిలో కనిపించాలి, ఆత్మ ఉన్నాడనడానికి అసలు గుర్తు అదే అని నొక్కి బోధించారు. పౌలు కూడా కొరింథీయులకు 12, 14 అధ్యాయాల్లో వరాల గురించి రాస్తూ సరిగ్గా మధ్యలో ప్రేమ అధ్యాయం పెట్టాడు. ఇది నాకు తెలియని సంగతి కాదు. మొన్న సిస్టర్‌కి రాసేటప్పుడు మర్చిపోయాను.

సిస్టర్, నన్ను క్షమించండి. నా ఆనందం నిజమే, దాన్ని నేను వదులుకోను. కానీ నాకు వచ్చిన దారిలోనే మీకూ రావాలని కొలబద్ద పెట్టాను, ఆ పని నేను చేయకూడదు. నేను ఆ రాత్రి లేచేసరికి నాకు అన్నం వండిపెట్టి కూర్చోబెట్టింది మా అక్క. పదిహేనేళ్లు ఆమె నా కోసం సంతోషం లేకుండానే ప్రార్థించింది. ఆత్మ నా మీదికి ఒక్క రాత్రిలో వచ్చాడని చెప్పుకుంటాను గానీ, మా అక్కలో పదిహేనేళ్లుగా పనిచేస్తూనే ఉన్నాడు. ఇది రాస్తుంటేనే నాకు తెలిసింది.

కువైట్_నర్సు:
అక్కా, నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, ఇలాంటి పేషెంట్లను రోజూ చూస్తాను, వాళ్ల ఇంటివాళ్లనూ చూస్తాను. ముందు కొన్ని ప్రశ్నలు. నిద్ర ఎన్ని గంటలు పడుతోంది? ఆకలి ఉందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు, పాటలు, పిల్లలతో కబుర్లు, ఇవి కూడా రుచించడం లేదా, లేక మందిరంలో మాత్రమేనా? అన్నిచోట్లా అలాగే ఉండి, వారాల తరబడి సాగుతూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అది పాపమూ కాదు, అవిశ్వాసమూ కాదు, షుగర్‌కి డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. నేనే వెళ్లాను. మా నాన్న పోయినప్పుడు ఇక్కడ నుంచి సెలవు దొరక్క భూస్థాపన ఫోన్‌లో చూశాను, ఆ తర్వాత ఎనిమిది నెలలు మీరు చెప్పినట్టే ఉన్నాను.

ఏలీయా ప్రవక్త కథ చదవండి, రాజుల మొదటి గ్రంథం 19. కర్మేలు కొండ మీద అగ్ని దించినవాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే చెట్టు కింద పడుకుని ప్రాణం తీసెయ్యమని అడిగాడు. దేవుడు అప్పుడు ప్రసంగం చేయలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించి మళ్లీ పడుకోనిచ్చాడు. అలా రెండుసార్లు. నెమ్మదైన ఆ స్వరం వినిపించింది దానికి చాలా రోజుల తర్వాత.

పనిలో పని, మామగారి సంగతి కూడా: రాత్రంతా మీరొక్కరే పక్క మార్చడం కుదరదు. రెండు గంటలకోసారి మార్చాలి, అది ఇద్దరు మనుషుల పని. గాలి పరుపు దొరుకుతుంది, అద్దెకు కూడా ఇస్తారు, ఫిజియోథెరపీ వాళ్లను అడగండి. మడమలు, నడుం కింద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. గాలి పరుపు ఉన్నా పక్క మార్చడం మాత్రం మానకూడదు.

గుండ్లకమ్మ:
ఒంగోలు నుంచి. నర్సు సిస్టర్ రాసింది చదివాక మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలనిపించింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ప్రతి ఏడూ మా పెద్దలు బైబిల్లోని పెంతెకొస్తు దినంతో పోల్చి చెప్తారు. దానికి ముందు రెండేళ్లు జరిగింది తక్కువ చెప్తారు. 1876 నుంచి ఘోరమైన కరువు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అంటే అన్నాళ్లూ మట్టి తట్టలూ గంజీ మాత్రమే. ఏటి ఒడ్డున పాటలు ఆ తర్వాత.

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చివర కూడా చూడండి, ఆనందంతో అన్న మాట ఎక్కడ వస్తుందో. భాషలు మాట్లాడిన దగ్గర కాదు. ఇంటింటా రొట్టె విరిచి కలిసి తిన్న దగ్గర.

డిగ్రీ_ఫైనల్:
నాకు ఒక డౌట్, పెద్దలు ఏమీ అనుకోవద్దు. అందరూ సంతోషం లేకపోయినా పర్లేదు అంటున్నారు. మరి "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఆజ్ఞ ఎందుకు ఉంది? మన చేతిలో లేనిదాన్ని ఆజ్ఞాపిస్తే ఎలా? నాకు కూడా ఇంట్లో టెన్షన్లు ఉన్నాయి, పరీక్షలు పోయాయి, ఈ వచనం స్టేటస్‌లో పెడుతుంటాను గానీ లోపల ఏమీ లేదు.

పాత_బైబిలు:
బాబూ, మంచి ప్రశ్న. ఫిలిప్పీ పత్రిక మొత్తం ఒక్కసారి కూర్చుని చదువు, నాలుగు అధ్యాయాలే, అరగంట పట్టదు. రాసినవాడు జైల్లో ఉన్నాడు. 2వ అధ్యాయంలో తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికాడని చెప్తూ, దేవుడు కనికరించకపోతే నాకు దుఃఖం మీద దుఃఖం అయ్యేది అని పౌలు తానే రాశాడు. ఆనందించండి అన్న మనిషే ఆ పత్రికలోనే నాకు దుఃఖం ఉందని దాచకుండా చెప్పాడు. అంటే ఆయన ఉద్దేశంలో ఆ రెండూ ఒకే గుండెలో ఉండగలవు.

రెండోది, "ఆనందించుడి" అన్నది బహువచనం. మనం స్టేటస్‌లో పెట్టుకుని ఒంటరిగా మోద్దామనుకుంటాం. పౌలు దాన్ని ఒక సంఘం మొత్తానికి రాశాడు, పైగా రెండు వచనాల ముందే ఇద్దరు స్త్రీలను పేర్లు పెట్టి, ఏకమనస్సుతో ఉండమని బతిమాలి, వాళ్లకు సాయం చేయమని ఇంకొకరికి చెప్పి, ఆ తర్వాత రాశాడు. సంఘంలో ఒకరికి ఆనందించే బలం లేకపోతే మిగతావాళ్లు ఆమె పక్కన కూర్చుని ఆమె బదులు పాడాలి. ఆదివారం మైకులో జరగాల్సింది అది. బాబూ, పరీక్షల సంగతి విడిగా నాకు రాయి, ఈ ఊసు ఇక్కడితో వదలను.

వేపచెట్టు_నీడ:
మళ్లీ రాయడానికి మూడు వారాలు పట్టింది, క్షమించండి. అన్నీ చదివాను, కొన్ని మా వారికి చదివి వినిపించాను.

పోయిన శనివారం మా ఇంట్లో కాటేజ్ ప్రార్థన మా వంతు వచ్చింది. సాక్ష్యం చెప్పమన్నారు. నాకు సంతోషం లేదు, అమ్మ లేదు, ప్రార్థనలో మాటలు రావడం లేదు, ఇదే నా సాక్ష్యం అని చెప్పి కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నన్ను ఉపవాసం ఉండమన్న ఆ సిస్టరే లేచి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. తన పెద్దకొడుకు పోయి పదకొండేళ్లైందని, అప్పటి నుంచి తాను చేతులెత్తేది ఎవరూ ఏమీ అడగకూడదనే అని మెల్లగా నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయవచ్చా అని ఆమెను అడిగాను, పేరు లేకుండా రాయమంది. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు రాత్రి ఆమె మా ఇంట్లోనే పడుకుంటోంది, మామగారికి ఒంటిగంట పక్క, మూడు గంటల పక్క ఆమె మారుస్తుంది. ఆ రెండు రాత్రులూ నేను ఆరు గంటలు నిద్రపోతున్నాను. గాలి పరుపు అద్దెకు తెచ్చాం.

ఆరాధనలో ఇంకా ఏమీ అనిపించడం లేదు, అబద్ధం చెప్పను. కానీ నిన్న తెల్లవారుజామున మామగారు పడిపోని ఎడమ చేత్తో నా తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నారు, మాట స్పష్టంగా రాదు కదా, నాకు అర్థం కాలేదు. నేను ఏడ్చాను. ఏడు నెలల తర్వాత మొదటిసారి.

కువైట్ చెల్లెమ్మా, నువ్వు అడిగినవన్నీ కాగితం మీద రాసుకున్నాను, చాలావరకు అవును అనే వచ్చింది. రేపు పదింటికి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, ఆ సిస్టర్ తోడు వస్తోంది.

కువైట్_నర్సు:
ఆ కాగితం మర్చిపోకుండా తీసుకెళ్లు అక్కా. నిద్ర సంగతి ముందు చెప్పు. మందులు రాస్తే పేర్లు నాకు పంపు, రాత్రి డ్యూటీలో ఉంటాను, చూస్తాను.

అగ్నిస్తంభం:
పదింటికి ఇక్కడ మా ఇంట్లో అందరం మోకరిస్తాం సిస్టర్. మా అక్కకు కూడా చెప్పాను.